అథ్లెటిక్ ట్రైనింగ్ చదువు - మన పిల్లలు, మన లెక్కలు

ప్రతి ఏడూ ఆగస్టు వచ్చేసరికి హైస్కూల్ సీనియర్లున్న మన తెలుగు ఇళ్ళలో ఒకటే చర్చ. కంప్యూటర్ సైన్సా, ప్రీమెడ్డా, లేకపోతే బిజినెస్సా? ఈ మూడూ కాకుండా పిల్లల నోట నాలుగో మాట, అందులోనూ ఆటలకి సంబంధించిన మాట వచ్చిందంటే, మా ఊళ్ళో తల్లిదండ్రులు నాకు ఫోన్ చేస్తారు. నేను ఫిజికల్ థెరపిస్టుని. మా క్లినిక్ ఒక ఆసుపత్రికి చెందినది. అక్కడి నుంచి అథ్లెటిక్ ట్రైనర్లు చుట్టుపక్కల హైస్కూళ్ళకి వెళ్ళి పనిచేస్తుంటారు. చాలా ఏళ్ళుగా వాళ్ళ పక్క టేబుల్ దగ్గరే నా పని.

"ఏమండీ, మా అమ్మాయి అథ్లెటిక్ ట్రైనింగ్ మేజర్ చేస్తానంటోంది. అంటే జిమ్ లో ట్రైనరా?" అన్నది మొదటి ప్రశ్న. జీతమెంత అన్నది రెండోది. మూడో ప్రశ్న దాదాపుగా ఎవరూ అడగరు, కానీ ముందు అడగవలసింది అదే: ఆ మేజర్ ఇప్పుడు అసలు ఉందా? నాలుగేళ్ళ కాలేజీలో ఆ పేరుతో మేజర్ చేసి, పరీక్ష రాసి, ఉద్యోగంలో చేరిపోయే దారి 2022 తో మూసుకుపోయింది. పెద్ద క్లాసు పిల్లలు చెప్పిందో, పాత బ్రోషర్లో చూసిందో నమ్ముకుని లెక్కలు వేసుకునే వాళ్ళు ఇప్పటికీ కనిపిస్తున్నారు. అందుకే ఈ వ్యాసం.

మొదటి ప్రశ్నకి జవాబు తేలిక. టీవీలో క్రికెట్ చూస్తున్నప్పుడు బ్యాట్స్ మన్ కి బంతి తగిలి కూలబడగానే ఒక సంచీ పట్టుకుని పరిగెత్తుకొచ్చే మనిషిని మనమంతా చూశాం. కామెంటేటర్లు "ఫిజియో వచ్చాడు" అంటారు. అమెరికాలో ఫుట్ బాల్, బాస్కెట్ బాల్, సాకర్ మైదానాల్లో అలా పరిగెత్తేది అథ్లెటిక్ ట్రైనర్. జిమ్ లో బరువులు ఎత్తించే పర్సనల్ ట్రైనర్ కి కొన్ని వారాల కోర్సు సర్టిఫికెట్ ఉంటే చాలు, రాష్ట్రం ఇచ్చే లైసెన్సు అక్కర్లేదు. అథ్లెటిక్ ట్రైనర్ అలా కాదు. అక్రెడిటేషన్ ఉన్న డిగ్రీ, జాతీయ బోర్డు పరీక్ష, ఆ తర్వాత దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ లైసెన్సో రిజిస్ట్రేషనో కావాలి. లైసెన్సు చట్టం ముందుగా చేసింది టెక్సాస్, 1971 లో. కాలిఫోర్నియా మాత్రం మిగతా రాష్ట్రాలన్నీ చట్టాలు చేసుకున్న తర్వాత కూడా చాలా కాలం అలాంటిదేమీ లేకుండా ఉండిపోయింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని ఆరోగ్య వృత్తిగా గుర్తించింది 1990 లో. ఇంత ఉన్నా పేరు చివర ఆ "ట్రైనర్" అన్న మాట వల్ల వచ్చే అయోమయం ఇంకా పోలేదు. మన వాళ్ళని ఏమనగలం, అమెరికన్లే సగం మంది పొరబడతారు.

ఇక ఈ చదువులో నేర్పేదేమిటి? టేపు చుట్టడం, ఐసు పెట్టడం అని చాలామంది అనుకుంటారు. అవీ ఉంటాయి. అయితే చదువులో బరువంతా వేరే చోట ఉంది: దెబ్బ తగిలిన మొదటి నిమిషాల్లో అదేమిటో తేల్చడం, తేల్చలేనప్పుడు ఎటు పంపాలో తెలియడం.

మోకాలు తీసుకోండి. సాకర్ ఆడే పిల్ల పరిగెడుతూ దిశ మార్చి, మోకాలు మెలిపడి కింద పడింది. లోపల ఏ.సి.ఎల్. అనే లిగమెంటు తెగిందా లేదా చూడటానికి లాక్ మన్ పరీక్ష అని ఒకటుంది. మోకాలిని కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో కాలి ఎముకని ముందుకి లాగి, ఎంత జారుతోందో, చివర్లో గట్టిగా ఆగుతోందో లేదో చూస్తారు. ఇది దెబ్బ తగిలిన వెంటనే చేస్తే చాలా మటుకు తెలిసిపోతుంది. కాసేపటికి మోకాలు వాచి, నొప్పికి కండరాలు బిగుసుకుపోయాక అదే పరీక్ష అంత బాగా పనిచేయదు. మర్నాడు ఆ పిల్ల మా క్లినిక్ కి వచ్చేసరికి నాకు దొరికేది వాచిన మోకాలు. గీత పక్కన నిలబడ్డ ట్రైనర్ కి దొరికేది అసలు మోకాలు. ఆ మనిషి రాసి పంపిన రెండు వాక్యాలు నాకు ఎంత విలువైనవో చెప్పలేను. సాకర్, బాస్కెట్ బాల్ లో ఆడపిల్లలకి ఈ లిగమెంటు తెగే ప్రమాదం మగపిల్లలకంటే రెండు మూడు రెట్లు ఎక్కువని తెలిసిన విషయమే. మన అమ్మాయిలు ఈ ఆటల్లోకి బాగానే వస్తున్నారు కాబట్టి ఇది మనకి దూరపు సంగతి కాదు.

చీలమండ మెలిపడితే ఎక్స్ రే కావాలా అక్కర్లేదా అన్నదానికి ఒట్టావా నియమాలని ఉన్నాయి. చీలమండకి రెండు వైపులా ఉన్న ఎముక గుబ్బల వెనక అంచునో చివరనో నొక్కితే నొప్పా, నాలుగు అడుగులు వేయగలరా, ఇలా చూసి తేలుస్తారు. ఇవి నేర్చుకున్న మనిషి పక్కనుంటే అనవసరంగా ఎమర్జెన్సీ రూములో గంటలు కూర్చోవడం, ఆ తర్వాత వచ్చే బిల్లు రెండూ తప్పుతాయి.

ఇంకో రకం పరిస్థితిలో నిమిషాల మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది. 2023 జనవరి 2 న సిన్సినాటి లో బఫెలో బిల్స్ ఆటగాడు డమార్ హామ్లిన్ ఒక టాకిల్ చేసి లేచి నిలబడి, వెనక్కి కూలిపోయాడు. ఛాతీ మీద సరిగ్గా ఆ క్షణానికి, ఆ చోటికి తగిలిన దెబ్బకి గుండె లయ తప్పింది. మైదానంలోనే సి.పి.ఆర్. చేసినది ఆ జట్టు అసిస్టెంట్ అథ్లెటిక్ ట్రైనర్ డెనీ కెల్లింగ్టన్. హామ్లిన్ బతికాడు, ఆ ఏడాదే మళ్ళీ ఆటలోకి వచ్చాడు. ఆ రాత్రి మనలో చాలామంది టీవీ ముందున్నాం. అక్కడ పనిచేసింది ఒక్క మనిషి ధైర్యం కాదు. ఎవరు గుండె నొక్కాలి, ఎవరు డిఫిబ్రిలేటర్ తేవాలి, అంబులెన్సు ఏ గేటు గుండా రావాలి అన్నది ముందే కాగితం మీద రాసుకుని, రిహార్సల్ చేసిన పద్ధతి అది. అలాంటి ప్రణాళిక రాయడం, తిప్పి తిప్పి సాధన చేయడం ఈ చదువులో ఒక భాగం. 

వడదెబ్బ సంగతి చెబితే మన వాళ్ళకి ఇంకా బాగా అర్థమవుతుంది. మన ఊళ్ళలో వడదెబ్బ అంటే రోహిణీ కార్తె ఎండలో తిరిగిన పెద్దవాళ్ళకి తగిలేది. ఇక్కడ ఆగస్టులో ఫుట్ బాల్ ప్రాక్టీసులో తగిలేది వేరు. ఒంట్లోనే పుట్టిన వేడి, హెల్మెట్టూ ప్యాడ్లూ వేసుకున్న పదహారేళ్ళ కుర్రాడిని పడగొడుతుంది. మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ 2001 ఆగస్టు 1 న ఇలాగే చనిపోయాడు. 2010 లో యూనివర్సిటీ ఆఫ్ కనెక్టికట్ లో అతని పేరుమీద ఒక సంస్థ పెట్టి ఈ మరణాలు ఎలా ఆపాలో పరిశోధిస్తున్నారు. వాళ్ళు చెప్పే సూత్రం, ముందు చల్లబరచు, తర్వాత తరలించు. అంటే 911 పిలిచి అంబులెన్సు కోసం చూస్తూ కూర్చోకూడదు. అంబులెన్సుకి ఫోన్ వెళ్తుండగానే మనిషిని మంచు నీళ్ళ తొట్టెలో మెడ దాకా దింపాలి, లోపలి ఉష్ణోగ్రత 102 డిగ్రీలకి దిగాకే బయటికి తీసి పంపాలి. అరగంట లోపల ఇది జరిగితే దాదాపు అందరూ బతుకుతారు. మసాచుసెట్స్ లో ఏటా ఆగస్టులో ఫాల్మౌత్ రోడ్ రేస్ జరుగుతుంది. అక్కడి 18 ఏళ్ళ రికార్డులు చూస్తే వడదెబ్బ తగిలి మంచు నీళ్ళలో దింపిన కేసులు 274. ఒక్క ప్రాణం పోలేదు. నుదుటి మీదో చెవిలోనో థర్మామీటర్ పెట్టి చూస్తే ఇలాంటప్పుడు తప్పు చెబుతుంది, మలద్వారం గుండానే కొలవాలి. ఇది చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది, చేయడానికి ఇంకా. కానీ చదువుకున్న వాళ్ళకీ చదువుకోని వాళ్ళకీ తేడా అక్కడే తెలుస్తుంది. మా దగ్గర్నుంచి వెళ్ళే ట్రైనరమ్మాయి ఆగస్టు నెలంతా ప్రాక్టీసుకి ముందు తొట్టె నింపుతుంది. ఎక్కువ రోజులు ఆ నీళ్ళు వాడకుండానే పారబోస్తుంది. కొందరు కోచ్ లకి అది దండగ పనిగా కనిపిస్తుంది.

కోచ్ ల సంగతెందుకు, మన వాళ్ళ సంగతి చెబుతాను. తలకి దెబ్బ తగిలి కంకషన్ అయిన పిల్లల్ని వెంటనే ఆటకి పంపకూడదని ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ చట్టం ఉంది. మొదటిది వాషింగ్టన్ రాష్ట్రంలో 2009 లో వచ్చింది. చదువు, తేలికపాటి పరుగు, ప్రాక్టీసు, ఆ తర్వాతే ఆట, ఇలా మెట్లు మెట్లుగా, ఆటకి సంబంధించిన ఒక్కో మెట్టుకీ కనీసం ఒక రోజు చొప్పున వెళ్ళాలి. ఒకసారి ఒక తెలుగు తండ్రి మా ట్రైనర్ తో వాదన పెట్టుకున్నారు. ఆదివారం టోర్నమెంటు, కాలేజీ కోచ్ లు చూడటానికి వస్తున్నారు, పిల్లాడికి తలనొప్పి తగ్గిపోయింది, మరి ఎందుకు ఆడనివ్వరు? ఆ అమ్మాయి వయసు ఇరవై ఆరు. గొంతు పెంచకుండా "లేదండీ, ఈ వారం ఆడడు" అని చెప్పి సంతకం పెట్టలేదు. కోచ్ కీ, తల్లిదండ్రులకీ, ఆటగాడికీ ఒకేసారి కాదని చెప్పగలగడం ఈ ఉద్యోగంలో రోజువారీ పని. మీ అబ్బాయో అమ్మాయో మొహమాటస్తులైతే ఈ విషయం ముందే ఆలోచించుకోవాలి. అనాటమీ పుస్తకం చదివి నేర్చుకోవచ్చు, ఇది నేర్చుకోవడం కష్టం.

ఇప్పుడు మూడో ప్రశ్న. ఈ వృత్తి వాళ్ళ జాతీయ సంఘం 1950 లో కాన్సాస్ సిటీ లో పుట్టింది. 1959 లో మొదటిసారి ఒక పాఠ్యప్రణాళిక తయారు చేసుకున్నారు. అప్పట్లో ట్రైనర్ ఉద్యోగం ఒక్కటే చేస్తే ఇల్లు గడవదని, స్కూల్లో వ్యాయామ టీచరుగా కూడా పనికొచ్చేలా దాన్ని కలిపారు. చాలా ఏళ్ళపాటు రెండు దారులుండేవి. ఒకటి కాలేజీ కోర్సు. రెండోది అప్రెంటిస్ లాంటిది, ఏదో ఒక డిగ్రీ చదువుతూ ఒక సీనియర్ ట్రైనర్ దగ్గర 1500 గంటలు పనిచేసి పరీక్షకి కూర్చోవడం. ఈ రెండో దారి 2004 లో మూసేశారు. ఆ తర్వాత 2015 లో వృత్తి సంఘాలన్నీ కలిసి, ఇక మీదట ప్రవేశ స్థాయి డిగ్రీ మాస్టర్స్ అని నిర్ణయించాయి. 2022 ఫాల్ తర్వాత బ్యాచిలర్స్ ప్రోగ్రాముల్లోకి కొత్త వాళ్ళని తీసుకోకూడదన్నారు. అప్పటికే చేరిన వాళ్ళు మాత్రం పూర్తి చేసుకోవచ్చు.

కాబట్టి ఈ రోజు హైస్కూల్లో ఉన్న పిల్లలకి లెక్క ఇది. ముందు ఒక బ్యాచిలర్స్, ఆపైన సాధారణంగా రెండేళ్ళ మాస్టర్స్. బ్యాచిలర్స్ ఏ మేజరైనా ఫరవాలేదు, కానీ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, సైకాలజీ, అనాటమీ, ఫిజియాలజీ చదివి ఉండాలి. ఎక్కువమంది ఎక్సర్ సైజ్ సైన్స్, కినిసియాలజీ లేదా బయాలజీ చేస్తారు. హైస్కూల్లో చేసిన ఎ.పి. క్రెడిట్లని ఈ సబ్జెక్టుల కింద ఒప్పుకుంటారో లేదో ఏ ప్రోగ్రాముకి ఆ ప్రోగ్రామునే అడగాలి. చాలా యూనివర్సిటీల్లో మూడేళ్ళు, రెండేళ్ళు కలిపి అయిదేళ్ళలో రెండు డిగ్రీలూ ఇచ్చే పద్ధతి ఉంది. ఒక ఏడాది ఫీజు మిగులుతుంది కాబట్టి మన వాళ్ళకి ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అయితే మూడో ఏడు అయ్యాక మనసు మారితే మామూలు బ్యాచిలర్స్ డిగ్రీతో సకాలంలో బయటపడగలరా లేదా అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

కినిసియాలజీ డిగ్రీ ఒక్కటే చేతిలో ఉంటే బోర్డు పరీక్షకి కూర్చోనివ్వరు. కాలేజీ వాళ్ళ పేజీలో "ప్రీ అథ్లెటిక్ ట్రైనింగ్" అని రాసి ఉంటే అది మెట్టు మాత్రమే, మేడ కాదు. మాస్టర్స్ ప్రోగ్రాముకి సి.ఎ.ఎ.టి.ఇ. అనే సంస్థ అక్రెడిటేషన్ ఉండి తీరాలి. అక్రెడిటేషన్ ఉన్న ప్రతి ప్రోగ్రామూ తమ విద్యార్థులు మొదటి ప్రయత్నంలో ఎంతమంది పాసయ్యారో బయటపెట్టాలి, మూడేళ్ళు కలిపి చూసినప్పుడు అది 70 శాతానికి తగ్గకూడదని నియమం. క్యాంపస్ చూడటానికి వెళ్ళినప్పుడు స్టేడియం, లాకర్ రూములు చూపిస్తారు. మీరు ఆ అంకె అడగండి. క్లినికల్ ట్రైనింగ్ కి పిల్లల్ని ఎక్కడికి పంపుతారో, దాని కోసం కారు ఉండాలో, ఆ నెలల్లో వేరే పని చేసుకుని సంపాదించుకునే వీలుంటుందో లేదో కూడా అడగండి. కనీసం నాలుగు వారాలు పూర్తిగా ఒకే చోట రోజంతా పనిచేసే భాగం ప్రతి ప్రోగ్రాములోనూ ఉంటుంది.

ఫీజు గురించి ఒక కొత్త సంగతి. మాస్టర్స్ అంటే గ్రాడ్యుయేట్ చదువు, కాబట్టి బ్యాచిలర్స్ లో దొరికే పెల్ గ్రాంటు లాంటివి ఇక్కడ ఉండవు. మిగిలేది అప్పు. ఇదివరకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ అప్పుతో ఖర్చు మొత్తం పూడ్చుకునేవారు. 2025 లో వచ్చిన చట్టం 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునే వాళ్ళకి దాన్ని ఎత్తేసింది. మామూలు గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఫెడరల్ అప్పు ఏడాదికి 20,500 డాలర్ల దగ్గర ఆగుతుంది. ప్రైవేటు యూనివర్సిటీ అయితే దానితో సరిపోవడం కష్టం. నా సలహా అడిగిన వాళ్ళకి, సొంత రాష్ట్రంలో ప్రభుత్వ యూనివర్సిటీ ఉంటే ముందు అది చూడమంటాను. ఈ వృత్తిలో కాలేజీ పేరుకంటే లైసెన్సుకీ, ఎవరి దగ్గర క్లినికల్ చేశారన్నదానికీ విలువ ఎక్కువ.

జీతం దాచడానికి లేదు. ప్రభుత్వ లేబర్ లెక్కల ప్రకారం 2023 లో అథ్లెటిక్ ట్రైనర్ల మధ్యస్థ జీతం ఏడాదికి సుమారు 58 వేల డాలర్లు. అదే ఏడాది ఫిజికల్ థెరపిస్టులది దాదాపు లక్ష. సాఫ్ట్ వేర్ జీతాలతో పోల్చుకుని మన వాళ్ళు నిట్టూర్చడం నాకు అలవాటే. ఇంత చదువుకి ఇంత తక్కువెందుకు? ప్రధానంగా బిల్లింగ్ వల్ల. మెడికేర్ అథ్లెటిక్ ట్రైనర్లని బిల్లు వేయగల వాళ్ళుగా గుర్తించదు, ప్రైవేటు ఇన్స్యూరెన్సులు కూడా కొన్ని చోట్లే ఇస్తాయి. హైస్కూల్ మైదానంలో వాళ్ళు చేసే పనికి బిల్లే లేదు. ఆసుపత్రులు ట్రైనర్లని స్కూళ్ళకి పంపేది ఎందుకంటే దెబ్బ తగిలిన పిల్లలు ఎక్స్ రే కి, ఎం.ఆర్.ఐ. కి, ఆపరేషన్ కి, ఆపైన నా దగ్గరికి అదే ఆసుపత్రికి వస్తారని. ట్రైనర్ పనికి డబ్బు వస్తుంది, కానీ వాళ్ళ పేరు మీద రాదు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం, దీనివల్ల లాభపడే వాళ్ళలో నేనూ ఒకణ్ణి అయినా సరే.

పని గంటలు కూడా చెప్పాలి. స్కూలు ట్రైనర్ పని మధ్యాహ్నం మొదలై రాత్రి ఆట అయ్యేదాకా సాగుతుంది. శుక్రవారం రాత్రులు, శనివారాలు పోతాయి. కాలేజీ జట్లతో పనిచేస్తే బస్సుల్లో ప్రయాణాలు. పిల్లలు పుట్టాక ఈ గంటలు పడక మంచి ట్రైనర్లు వదిలేసి వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను. ఈ వృత్తిలో సగానికి పైగా ఆడవాళ్ళే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. గంటలు కుదురుగా ఉండాలనుకునే వాళ్ళు ఆర్థోపెడిక్ డాక్టర్ల క్లినిక్కుల్లో, ఫ్యాక్టరీల్లో, సైన్యంలో, డాన్సు కంపెనీల్లో చేరుతున్నారు. బరువులెత్తే కార్మికుడి నడుమూ ఆటగాడి నడుమూ ఒకటే కదా.

ఇండియాలో ఈ పేరుతో వేరే లైసెన్సు వృత్తి లేదు, ఆ పని స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టులు చేస్తారు. మన పుల్లెల గోపీచంద్ మోకాలి ఆపరేషన్ల తర్వాత 2001 లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడని గర్వంగా చెప్పుకుంటాం కానీ, అలాంటి మోకాలిని తిరిగి నిలబెట్టడం ఒక వృత్తి అని మన ఇళ్ళలో పెద్దగా అనుకోము. అక్కడ బి.పి.టి. చేసి ఇక్కడికి వచ్చిన మన వాళ్ళు, ముఖ్యంగా డిపెండెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయిలు, నేరుగా ఈ పరీక్ష రాయవచ్చా అని అడుగుతుంటారు. కుదరదు. అమెరికా బోర్డుకి కెనడా, ఐర్లాండు సంస్థలతో పరస్పర ఒప్పందం ఉంది, ఇండియాతో లేదు. ఇక్కడి మాస్టర్స్ చేయాల్సిందే. ఫిజికల్ థెరపీ లైసెన్సుకి ప్రయత్నించడమా, ఇదా అన్నది వాళ్ళ వాళ్ళ డిగ్రీ, రాష్ట్రం బట్టి ఉంటుంది.

హైస్కూల్ పిల్లలకి మాత్రం ఒక మంచి వెసులుబాటు ఉంది. పైన చెప్పిన సబ్జెక్టులన్నీ ఫిజికల్ థెరపీకి, ఫిజీషియన్ అసిస్టెంట్ కి కూడా చాలా వరకు పనికొస్తాయి, మెడిసిన్ కి ఇంకొన్ని కలుపుకోవాలి. కాబట్టి కాలేజీ రెండో ఏడు దాకా ఏ తలుపూ మూసుకోదు. ఈ లోపల అసలు ఈ పని నచ్చుతుందో లేదో చూడటానికి పైసా ఖర్చు లేదు. చాలా హైస్కూళ్ళలో, టెక్సాస్ లో అయితే మరీ ఎక్కువగా, ట్రైనర్ దగ్గర స్టూడెంట్ ఎయిడ్ గా పిల్లల్ని తీసుకుంటారు. నీళ్ళ సీసాలు నింపడం, ఐసు సంచులు కట్టడం, టేపు అందించడం. వైద్యం చేయనివ్వరు, చేయనివ్వకూడదు కూడా. మీ స్కూల్లో అసలు ట్రైనరే లేకపోవచ్చు. ఈ దేశంలో మూడో వంతు హైస్కూళ్ళ పరిస్థితి అదే. అప్పుడు పక్క ఊరి క్లినిక్ లో అడగాలి.

పోయిన ఏడాది ఒక తెలుగు అమ్మాయి "అంకుల్, మీ ట్రైనర్ తో ఒక సీజన్ తిరగొచ్చా?" అని అడిగింది. సరేనన్నాను. అమ్మానాన్నలకి పెళ్ళి సంబంధాల బయోడేటాలో దీన్ని ఏమని రాయాలన్న దిగులు. ఆగస్టులో తొట్టె నింపడంతో మొదలుపెట్టి, నవంబరు చలిలో ఆఖరి ఆట దాకా వచ్చింది. ఇప్పుడు ఎక్సర్ సైజ్ సైన్స్ మొదటి ఏడు చదువుతోంది. మాస్టర్స్ అప్లికేషన్లు జూనియర్ ఏడాది అయ్యాక, ఏ.టి.సి.ఎ.ఎస్. అనే ఉమ్మడి ఫారం ద్వారా వేస్తారు. ఆమె చేరిన కాలేజీలో ఆ అయిదేళ్ళ పద్ధతి ఉంది కనక ఏడాది ముందే వేయాలి.